వీరగాథయు యుద్ధచరిత్రయు

యుద్ధచరిత్రము రెండుచోట్ల పుట్టుచున్నది: ఒకటి జనుల నోట, రెండవది సర్కారు దఫ్తరములలో. మొదటిదానిని పండితులు కట్టుకథ యని త్రోసివేయుదురు. రెండవదానిని సామాన్యులు చప్పనిదని విడిచిపెట్టుదురు. ఈ రెండు తీర్పులును తొందరపాటువే యని మా యభిప్రాయము. ఇందుకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములే సాక్ష్యము.

1946 మొదలు 1951 వఱకు ఇచ్చటి రైతులు దేశముఖుల వెట్టికిని, రజాకారుల దోపిడికిని ఎదురొడ్డి పోరాడిరి. వడిసెలలతో, గుతపలతో మొదలైన పోరు తుపాకులదాక పోయెను. బుఱ్ఱకథలును, పాటలును ఆ పోరును ఊరూరికి మోసికొనిపోయెను. ఎవరు నేలకొఱిగిరి, ఎందులకు తెగించిరి అనునది పాట మఱువనీయదు. కాని ఏనాడు, ఎందఱు, ఏ త్రోవను అని యడిగినచో పాట తడబడును.

1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ ఏ. ఏ. రుద్ర నాయకత్వమున బెజవాడవైపునుండి కదలిన భారతసేన ఆనాడే కోదాడ చేరెను. మునగాల మీదుగా సాగి సూర్యాపేటను పట్టుకొనెను. వెనుదీయుచున్న నైజాముసేన మూసీ వంతెనను కూల్చెను గాని, దానిని మరమ్మతు చేయువారిపై కాల్చుటకు దళము నుంచలేదు. వంతెన శీఘ్రముగా బాగుపడెను. గాథ యిచ్చట శత్రువు పిఱికితనమును పాడును. చరిత్రకారుడు వేఱుపాఠము నేర్చును: కూల్చిన వంతెన తనంత తాను అడ్డుగోడ కాదు, దానికి కావలి యుండవలెను.

ఈ కాలమును గూర్చి 1972లో రెండు గ్రంథములు వెలువడెను. ఒకటి పోరాటనాయకుడగు పుచ్చలపల్లి సుందరయ్యగారిది. మూడువేల గ్రామములలో ప్రజాపాలన నడచెననియు, పదిలక్షల ఎకరములు పంచబడెననియు ఆయన వ్రాసెను. రెండవది రక్షణశాఖ చరిత్రవిభాగమునకై ఎస్. ఎన్. ప్రసాద్‌గారు రచించినది. దాని ముఖ్యవస్తువు అయిదుదినముల సైనికచర్య. సెప్టెంబరు 17న నైజాము లొంగుటతో ఆ యుద్ధము ముగిసెను. సుందరయ్యగారి పుస్తకములోనన్ననో, అటుపిమ్మట భారతసేనయే రైతుదళములపైకి తిరిగెను. 1951 వఱకు చావులు ఆగలేదు. ఒక్కదానినే చదువువారికి మూడేండ్ల చావులైనను కనబడవు, సేన నడచిన బాటయైనను కనబడదు. ఇరువురును ఆ వ్యవహారమున ఒక పక్షమువారే. కావున ఒకరి మాటను రెండవవారి మాటతో ఒరసి చూడవలెను.

1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మఱియొక వెలితిని తీర్చెను. దళములకు అన్నము పెట్టినవారు, తుపాకి పట్టినవారు, పోరు ముగిసినపిదప తిరిగి వంటింటికి పంపబడినవారు అందు తమ మాటలతోనే పలికిరి. అదియు జనుల నోటి మాటయే. కాని అడిగి, విని, వ్రాసి నిలిపిన మాట. శాస్త్రీయత కాగితములో లేదు, పరీక్షలో నున్నది.

కోదాడకును సూర్యాపేటకును నడుమనున్న మునగాల సంస్థానమునకు దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన వారిలో ముఖ్యులు. ఆధారములను శోధించుటయు, శోధించినదానిని ఇంటింటికి తెలుగున అందించుటయు వారికి ఒక్కటే పని. మనకును అట్లే కావలెను. ఆనాటి పిల్లలు నేడు పండువృద్ధులు. మన యిండ్లలో అట్టివారుండిన, వారి పాటను విందము; పాటప్రక్కనే ఊరు, పేరు, దినము వ్రాసి యుంచుదము. ఆలసించినచో ఆ సాక్షులను మఱి పిలువజాలము.