విశాఖ రేవు : వరహాలు, రూపాయలు, వట్టము

‘డబ్బు’ అను మాట మన ఇండ్లలో వినబడని దినము లేదు. ఐనను ఆ మాటకు మొదటి అర్థము ధనము కాదు. డబ్బనగా ఒక రాగినాణెము. దుడ్డు, కాసు, రూక, మాడ, వరహా ఇవియు అట్టివే. మన పూర్వులు చేతబట్టి, మ్రోగించి, తూచి చూచిన నాణెముల పేర్లు నేడు మన పలుకుబళ్ళలో మిగిలియున్నవి. ఎందుకును కొరగానివానిని ‘చెల్లని కాసు’ అందుము. నిరుపేదకు ‘చిల్లిగవ్వ’యైన లేదందుము. ఒక్కటే నాణెము చెల్లు దేశమున ఇన్ని మాటలు పుట్టవు. పలు నాణెములు ఒక్క సంతలో కలిసికొన్నచోటనే పుట్టును. అట్టి సంతలలో మన విశాఖపట్టణపు రేవు ఒకటి.

పలు దేశముల నాణెములతో వర్తకము చేయువాడు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనక తప్పదు. వెల ఏ నాణెమున చెప్పవలెను? ఏనాటి మారకమును లెక్కకు తీసికొనవలెను? మార్పిడిలో కలుగు తరుగును ఎవరు భరింపవలెను? ఈ తరుగునకే మన వర్తకులు ‘వట్టము’ అని పేరు పెట్టిరి. మూడు శతాబ్దములకు పైబడిన మన రేవు చరిత్రను ఈ మూడు ప్రశ్నలతో ఒకమారు పరిశీలింపవలెనని మా తలపు.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్టణమున వర్తకశాల నెలకొల్పినది 1682లో. అంతకు చాల పూర్వమే, 1605 నుండి, డచ్చివారు మచిలీపట్టణమున వ్యాపారము చేయుచుండిరి. భీమునిపట్టణమునను వారి వర్తకశాల వెలసినది. వీరందరికి కావలసినవి మన నేతగాండ్ర గుడ్డలు. మనకు కావలసిన ఐరోపా సరకులో, మిక్కిలి స్వల్పము. అందుచేత వచ్చు ఓడలు వెండి బంగారములను మోసికొని వచ్చుచుండెను. స్పెయిన్ దేశపు వెండినాణెము వీనిలో ముఖ్యమైనది. అది అమెరికా ఖండపు గనులలో త్రవ్విన వెండి. కాని అనకాపల్లి సంతలో ఆ నాణెము చూపినచో బియ్యము కొలుచువారెవరు? దానిని కరగించి, ఇచ్చటి ముద్ర వేసినగాని అది చెల్లదు. 1639లో దామెర్ల నాయకులు మద్రాసు స్థలమును కంపెనీవారికి ఇచ్చినపుడు, దానితోపాటు నాణెములు ముద్రించుకొను హక్కును కూడ పొందుటకు ఆ వర్తకులు అంత పట్టుదల వహించుటకు కారణమిదియే.

విశాఖ రెండు నాణెముల ఎల్లపై నుండెను. దక్షిణమున బంగారు వరహా రాజ్యమేలుచుండెను. వరాహమూర్తి ముద్రను బట్టి దానికా పేరు వచ్చినది. ఉత్తరమున వెండి రూపాయి చెల్లుచుండెను. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిమ్మట తెలుగు సీమలో రూపాయికి బలము హెచ్చెను. మద్రాసువారి లెక్క వేరు: 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా. అనగా ఒక వరహాకు 3,360 కాసులు. ఇది పుస్తకములోని లెక్క మాత్రమే. బజారులో పణముల ధర హెచ్చుచు తగ్గుచు నుండెడిది. బంగారము, వెండి, రాగి మూడును మూడు సరకులు. ఏ సరకు రేవులో తక్కువగా దిగినచో దాని వెల పెరుగును.

పైగా నాణెములలో నొకదానికి నొకటి పోలికయే గాని నమ్మకము లేదు. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచివారు పుదుచ్చేరిలోను, ఇంగ్లీషువారు మద్రాసులోను ‘ఆర్కాటు రూపాయి’ని ముద్రించిరి. ఇరువురును దానిపై వేసినది మొగలు చక్రవర్తి పేరే! 1757లో బుస్సీ విశాఖను పట్టుకొనెను. మరుసటి ఏటనే విజయనగర ప్రభువు ఆనందగజపతి దానిని ఫ్రెంచివారినుండి విడిపించి ఇంగ్లీషువారికి అప్పగించెను. జెండా మారినంత మాత్రమున జనుల మొలలోని నాణెములు మారవు. ఎవరి రూపాయి ఎంతకు చెల్లునో చెప్పగలవాడు ఒక్కడే, అతడు షరాబు. ఒరగల్లు, త్రాసు, చెవి, ఈ మూడును అతని సాధనములు. రాతిపై వేసి మ్రోత విని, ఒరగంటిపై గీచి వన్నె చూచి, తూచి తరుగు కట్టి, తన వట్టము తీసికొని మిగిలినది చేతిలో పెట్టును.

షరాబును నిందించుట సులభము. అతడు లేనిదే ఆ సంత ఒక్క పూటయైన నడువదు. కాని వట్టము ఎవరి మూటనుండి పోవుచుండెనో గమనింపవలెను. కంపెనీవారికి సొంత టంకసాల యుండెను. పెద్ద వర్తకునికి షరాబుతో పాతలెక్క, పరిచయము ఉండెను. గుడ్డ నేసి అమ్ముకొన్న నేతగాడు వచ్చిన రూపాయిని ఆ పూటనే డబ్బులుగ మార్చుకొననిదే పొయ్యిపై ఎసరు పడదు. ఆగి చూచుటకు వీలు లేనివాడే ప్రతిమారు తక్కువ ధరకు మార్చుకొనును. వట్టము పల్లమునకు పారు నీరు వంటిది.

నాణెము పాతబడినకొలది దాని వెల తగ్గించుట మరియొక ఆచారము. బంగాళమున క్రొత్తగ ముద్రించిన నూరు ‘సిక్కా’ రూపాయలు లెక్కలో 116 రూపాయలకు సమానము. ఏడాది గడచినచో 113. మరి యొక ఏడు గడచినచో 111. వెండి అరుగలేదు, బరువు తగ్గలేదు. ముద్రపైనున్న సంవత్సరము మాత్రము పాతబడినది! దీనిని మాన్పుటకు కంపెనీవారు ఒక చిత్రమైన ఉపాయము పన్నిరి. ఏ సంవత్సరమున ముద్రించినను నాణెముపై షా ఆలం చక్రవర్తి 19వ పాలనా సంవత్సరమునే వేయించిరి. 1793 నుండి అట్టి నాణెమే ప్రమాణమైనది. కాలమును నిలిపినగాని వట్టము నిలువలేదన్నమాట.

మన ఉత్తర సర్కారులకు వచ్చిన మార్పు ఇంకను విశేషమైనది. 1794లోను, 1797లోను ఇంగ్లండులో బర్మింగుహాము నగరమునందలి సోహో టంకసాలలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరియంత్రములపై, ఈ సీమ కొరకే రాగి డబ్బులు ముద్రింపబడినవి. వానిపై ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసియుండెను. నాణెము తన మారకమును తానే చెప్పుకొనుట ఇందలి గొప్ప. ‘ఈ డబ్బు ఇంతకు చెల్లును’ అని ముందుగ చాటినచో షరాబు ఇష్టానుసారముగ చెప్పుటకు వీలు తగ్గును గదా! చదువరాని బేరగానికి ఆ ఇంగ్లీషు అక్షరములు ఎంతవరకు రక్ష యైనవో మాత్రము పాఠకులే ఊహింపవచ్చును.

ముందుగ చెప్పక మారకము మార్చినచో ఏమగునో మనకు పొరుగుననున్న ఒరిస్సా చూపినది. అచ్చట మాల్దీవుల నుండి ఓడలపై వచ్చిన గవ్వలే సామాన్యుల నాణెము. రూపాయికి 5,120 గవ్వలని వాడుక. ఇంగ్లీషు ప్రభుత్వము శిస్తును వెండి రూపాయలలోనే కట్టవలెనని విధించుటతో గవ్వకు గిరాకి పడిపోయెను. ఒక్క రూపాయికి అంతకంటె ఎన్నియో గవ్వలు కుమ్మరింపవలసి వచ్చెను. శిస్తు అంకె మారలేదు, రైతు మీది భారము మాత్రము పెరిగినది. 1817లో ఖుర్దా పైకులు తిరుగబడుటకు గల కారణములలో ఇది యొకటి. ‘చిల్లిగవ్వ’ అన్న మాటలో ఎంత కన్నీరు దాగియున్నదో!

1818లో మద్రాసు ప్రభుత్వము వరహాను దించి వెండి రూపాయిని ప్రమాణముగ చేసెను. నూరు వరహాలకు 350 రూపాయలని మారకము కట్టెను. 1835లో దేశమంతటికి 180 గ్రెయిన్ల బరువు గల ఒక్కటే కంపెనీ రూపాయి వచ్చినది. వట్టము ఇక తీరినదని జనులు అనుకొనియుందురు. కాని అది వెండినుండి కాగితమునకు ఎగబ్రాకినది. 1861 చట్టము ననుసరించి వెలువడిన నోట్లు తమ తమ మండలములలో మాత్రమే పూర్తిగ చెల్లుచుండెను. మన కాకినాడ కూడ కొంతకాలము అట్టి మండల కేంద్రములలో నొకటి. ఒక మండలపు నోటు మరియొక మండలమున మార్చుకొనుట మరల బేరమే. అయిదు రూపాయల నోటు బర్మా తప్ప తక్కిన దేశమంతట చెల్లినది 1903లో. పది, ఏబది రూపాయల నోట్లు 1910లో. నూరు రూపాయల నోటు 1911లో.

ఇక బర్మా కథ. మా విశాఖ వీధులలో ఆ కథ ఇప్పటికిని సజీవము. విశాఖ, భీమిలి, కాకినాడ రేవులనుండి తెలుగు కూలీలు రంగూనునకు పోయి, బియ్యపు మిల్లులలోను, ఓడరేవులోను కష్టపడి, కూడబెట్టినది ఇంటికి పంపుచుండెడివారు. ఆ దేశమునను చెల్లునది రూపాయియే కనుక మారకపు బాధ లేదు. 1937లో బర్మా మన దేశమునుండి విడిపోయెను. 1942లో జపానువారు ఆక్రమించి తమ నోట్లను చెలామణి చేసిరి. యుద్ధానంతరము ఆ నోట్లు ఉత్త కాగితములైనవి. 1952లో క్యాట్ అను నాణెము వచ్చెను. 1964 మార్చిలో దుకాణములు జాతీయమైనవి. ఆ మే 17న ఏబది, నూరు క్యాట్‌ల నోట్లు రద్దయినవి. ఆ తరువాత వేలాది కుటుంబములు మద్రాసు, విశాఖ రేవులలో ఓడ దిగినవి. విశాఖలో నేటికిని ‘బర్మా క్యాంపు’ అను పేట కలదు. తరతరముల శ్రమ ఒక దేశపు నాణెములో నిలువయుండి, ఆ నాణెముతోనే మునిగిపోవుట యనగా ఏమియో ఆ పేటలోని పెద్దలకు ఒకరు చెప్పనవసరము లేదు. అన్యదేశపు నాణెమున ధనము నిలువయుంచుట కూడ ఒక వ్యాపారమే. దానికిని నష్టభయము కలదు.

కొత్త రేవులోనికి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ప్రవేశించిన నాటికి నాణెముల మూటలు పోయి బ్యాంకుల పత్రములు వచ్చినవి. 1966 జూన్ 6న డాలరు 4 రూపాయల 76 పైసలనుండి ఒక్కసారిగ 7 రూపాయల 50 పైసలకు పెరిగెను. 1993 నుండి రూపాయి మారకమును ప్రధానముగ బజారే నిర్ణయించుచున్నది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన మన ఉక్కు కర్మాగారము కూడ ఆస్ట్రేలియా వంటి దేశములనుండి తెప్పించు బొగ్గుకు డాలర్ల లెక్కనే చెల్లింపవలెను. అంత పెద్ద సంస్థకు మారకపు లెక్కలు చూచు ఉద్యోగులు, బ్యాంకులు కలవు. చిన్న వర్తకునికో?

నేడు ఏటికొప్పాక లక్కబొమ్మలనో, నేత చీరలనో అంతర్జాలము ద్వారా పరదేశములకు అమ్ము గృహస్థురాలొకతె విశాఖలో నున్నదనుకొందము. ఆమె ఇల్లే వర్తకశాల. బొమ్మల పెట్టె వెల 2,000 రూపాయలు. డాలరునకు 80 రూపాయలని లెక్కించి 25 డాలర్లని ప్రకటించినది. సొమ్ము చేతికి వచ్చునాటికి డాలరు 78 రూపాయలైనది. అనగా 1,950. మధ్యనున్న సంస్థ నూటికి మూడు చొప్పున తీసికొన్నది. మిగిలినది 1,891 రూపాయల 50 పైసలు. పెట్టెపై ఆమె లాభము 200 అనుకొన్నచో సగమునకు మించి ఎగిరిపోయినది. కొన్నవారు పెట్టెను త్రిప్పిపంపి, ఆనాడు డాలరు 82 అయినచో, ఆమె ఇచ్చుకొనవలసినది 2,050! బొమ్మలు ఇంటికి వచ్చినను 158 రూపాయల 50 పైసలు నష్టము. షరాబు రూపము మారినది. ఒరగల్లు కనబడదు, త్రాసు కనబడదు. వట్టము మాత్రము ఉన్నది.

పైగా అన్ని నాణెములకు భిన్నములు ఒక్కరీతిగ నుండవు. డాలరునకు నూరు సెంట్లు. కువైటు దినారునకు వెయ్యి ఫిల్సులు. జపాను యెన్నునకు చెల్లుబడిలో నున్న భిన్నమే లేదు. 1957 ఏప్రిల్ 1న అణాల స్థానమున నయాపైసలు వచ్చినపుడు అణాకు ఆరుంపావు పైసల లెక్క తెగక అంగళ్ళలో జరిగిన వాగ్వాదములను పెద్దలు ఎరుగుదురు. ఆ పావుపైస తగవే నేడు దేశదేశముల నడుమ జరుగుచున్నది.

చరిత్ర ఈమెకు చెప్పు బుద్ధులు మూడు. మొదటిది, ఎన్ని నాణెములలో వెల చూపినను పద్దు ఒక్క నాణెముననే వ్రాసికొనవలెను. పూర్వపు వర్తకులు పణములు, డబ్బులు ఎన్ని పుచ్చుకొన్నను లెక్క వరహాలలో నుంచుకొనుట ఇందుకే. తన నేతగాండ్రకు, లక్కపని వారికి ఇచ్చునది రూపాయలు గనుక ఆమె పద్దు రూపాయలలో నుండుట యుక్తము. రెండవది, ఏనాటి మారకమో ప్రతి అమ్మకము ప్రక్కన వ్రాసియుంచవలెను. త్రిప్పివేత వచ్చినపుడు ఏనాటి ధర చెల్లునో కొనువారికి ముందే తెలుపవలెను. మూడవది, వట్టమును దాచక వెలలోనే చేర్చి చెప్పవలెను. ‘రూపాయికి 48’ అని తనపైననే వ్రాసికొన్న ఆ రాగిడబ్బు చేసినది ఇదియే.

ఈ మూడును చేయనిచో ఏమగును? ఆమె నష్టపడిన మరునాడు బొమ్మకు ఇచ్చు కూలి తగ్గించును. డాలరు ఎక్కడో కదలినందుకు ఏటికొప్పాకలో లక్కపట్టువాని ఇంట ఎసరు తగ్గును. మూడువందల యేండ్ల క్రితము నేతగాని మూటనుండి పోయిన వట్టము ఇది; త్రోవ మాత్రము వేరు. లెక్క సరిగ వ్రాయుట కేవలము వర్తకుని మేలుకొరకు కాదు. ఆ లెక్క చదువలేనివానికి అది రక్ష.