ఉదయగిరి సీమలో మనోనిగ్రహ సాధన

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలికొండలు ఉత్తర దక్షిణాలుగా సాగి కడప సీమను వేరు చేస్తుండగా, ఆ కొండల తూర్పు వైపున ఉదయగిరి, పెన్నా నది కొండల్ని చీల్చుకొని సోమశిల వద్ద మైదానంలోకి దిగే తావుకు చేరువలో ఆత్మకూరు వెలశాయి. మెట్టపొలాలు ఎక్కువగా గల ఈ సీమ చరిత్ర గ్రంథాల్లో ప్రధానంగా యుద్ధాల మూలంగానే కనిపిస్తుంది. గజపతుల ఏలుబడిలోని ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, సుదీర్ఘమైన పోరు తరువాత 1514లో సాధించి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి ప్రత్యేకంగా ఆలయం కట్టించిన వృత్తాంతం ప్రసిద్ధమే. అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఆ దుర్గపు ఆస్థానంలో మరొక యుద్ధం తెలుగు పద్యాలకెక్కిందన్న సంగతికి మాత్రం రావలసినంత ప్రచారం రాలేదు. ఆ యుద్ధానికి రంగస్థలం మనిషి మనసు.

15వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఉదయగిరిని ఏలిన బసవరాజు వద్ద మంత్రిగా ఉన్న గంగయామాత్యునికి నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు ‘ప్రబోధచంద్రోదయం’ అనే కావ్యాన్ని అంకితమిచ్చారు. మేనమామ, మేనల్లుళ్లైన వీరే తెలుగులో తొలి జంటకవులుగా పేరొందారు. దీనికి మూలం 11వ శతాబ్దిలో చందేల రాజు కీర్తివర్మ కాలాన కృష్ణమిశ్రుడు రచించిన సంస్కృత నాటకం. అందులోని పాత్రలు మనుషులు కారు. వివేకం, మహామోహం, కామం, క్రోధం, లోభం, శాంతి, శ్రద్ధ, క్షమ వంటి మనోభావాలే రూపు దాల్చి నడుస్తాయి. మనసుకు ప్రవృత్తి, నివృత్తి అని ఇద్దరు భార్యలు. ప్రవృత్తి అంటే లోకవ్యవహారం వైపు పరుగెత్తే గుణం, నివృత్తి అంటే దానినుంచి వెనక్కి మళ్లే గుణం. మొదటి భార్య సంతానానికి మహామోహుడు, రెండవ భార్య సంతానానికి వివేకుడు నాయకులై పోరు సాగిస్తారు. రెండు పక్షాలకూ తండ్రి మనసే కావడం ఈ కల్పనలోని అతి లోతైన అంశం. చెదిరిపోవడానికి మూలమైనదే కుదురుకోవడానికీ మూలమన్న అవగాహన దానిలో ఇమిడి ఉంది.

పోరు జరిగే తీరును గమనిస్తే ఈ గ్రంథం ఒక మంత్రికి ఎందుకు నచ్చి ఉంటుందో తెలుస్తుంది. కాముణ్ణి ఎదిరించడానికి వివేకుడు పంపే యోధుడి పేరు వస్తువిచారం, అంటే ఎదుట ఉన్నదాన్ని ఉన్నదున్నట్లుగా పరిశీలించి చూడటం. కోరికను అణచివేయమని గాక, దాన్ని రేపుతున్న వస్తువును నిదానంగా చూడమని చెప్పడం ఇక్కడి వ్యూహం. క్రోధుని మీదికి వెళ్లే క్షమ, కోపించినవాని ఎదుట చిరునవ్వు, తిట్టినవానికి క్షేమాన్ని కోరే మాట తన ఆయుధాలని చెబుతుంది. లోభుణ్ణి సంతోషం, అంటే ఉన్నదానితో తృప్తి పడే గుణం జయిస్తుంది. రోజంతా అర్జీలు, లెక్కలు, దండు కదలికలు, కొలువులోని ఈర్ష్యల నడుమ గడిపే అమాత్యునికి ఈ మూడు యుద్ధాలూ అరణ్యంలోని మునికి కంటే ఎక్కువ పరిచితాలు. చివరి అంకంలో నిదిధ్యాసనం అనే పాత్ర ప్రవేశించిన తరువాతనే ప్రబోధచంద్రుడు జన్మిస్తాడు. వేదాంత సంప్రదాయంలో గురువు చెప్పినది వినడం శ్రవణం, విన్నదాన్ని సందేహాలు తీరేదాకా తర్కించుకోవడం మననం, తేలిన అర్థం మీద మనసును ఎడతెగకుండా నిలపడం నిదిధ్యాసనం. నేడు సాధారణంగా ధ్యానం అని పిలుస్తున్నదానికి ఈ మూడవ మెట్టు అతి సమీపమైనది. మొదటి రెండు మెట్లనూ వదిలి మూడవదానిని మాత్రమే నేర్పే పద్ధతి ఆనాటి పండితులకు అసంపూర్ణంగా తోచి ఉండేది, ఆ అభిప్రాయం నేటికీ ఆలోచించదగినదే.

ఈ చింతనకు నెల్లూరు నేలలో అంతకంటే పాత పునాది ఉంది. 13వ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువున ఉన్న తిక్కన సోమయాజి మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను తెలుగు చేశాడు. వాటిలో శాంతిపర్వం ఒకటి. సంస్కృత శాంతిపర్వంలో భీష్ముడు యోగాన్ని వివరిస్తూ, నిండా నూనె ఉన్న పాత్రను పట్టుకొని, మనసును దాని మీదే నిలిపి, మెట్లు ఎక్కే మనిషిని ఉదాహరణగా చూపుతాడు. కదలకుండా కూర్చున్నవాణ్ణి గాక కదులుతూ, బరువు మోస్తూ, అడుగు తప్పకుండా ఉన్నవాణ్ణి ఏకాగ్రతకు ఆదర్శంగా నిలపడం విశేషమైన విషయం. అంపశయ్య మీదినుంచి ఈ మాటలు చెబుతున్నది సింహాసనమెక్కినా శోకం తీరని ధర్మరాజుకు అని జ్ఞాపకం ఉంచుకుంటే, ఉదయగిరి మంత్రికి అంకితమైన కావ్యం ఏ పరంపరకు చెందినదో స్పష్టమవుతుంది.

వెలికొండలకు ఆవలి పక్కన, కడప సీమలోని కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం స్థాపించిన పరంపర ఈ మనోనిగ్రహ విద్యను పండితుల ఇళ్లనుంచి కమ్మరి, వడ్రంగి కుటుంబాల్లోకి, దూదేకుల సిద్దయ్య వంటి శిష్యుల ద్వారా మతాల హద్దులు దాటి తీసుకుపోయింది. రాజయోగంగా పేరొందిన ఈ తరహా సాధనకు పరశురామపంతుల లింగమూర్తి రచించిన ‘సీతారామాంజనేయం’ వంటి గ్రంథాలు ఆధారమయ్యాయి. తత్త్వాలను లెక్కించి వేరు చేసుకోవడం సాంఖ్యంగా, దృష్టిని లోపలి వెలుగు మీద నిలపడం తారకంగా, సంకల్పాలు అణగిన స్థితి అమనస్కంగా ఆ గ్రంథం మూడు దశలు చెబుతుంది.

ఆత్మకూరుకు చేరువలోని అనుమసముద్రంపేట, అంటే జనం ఏ.ఎస్. పేటగా పిలిచే ఊరు, ఈ చరిత్రలో వేరొక అధ్యాయం. రహమతాబాద్ అని కూడా వ్యవహరించే ఆ చోట 18వ శతాబ్దికి చెందిన సూఫీ గురువు ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ సమాధి ఉంది. ఏటా జరిగే గంధమహోత్సవానికి హిందువులు, ముస్లింలు తేడా లేకుండా తరలివస్తారు. సూఫీల సాధనలో జిక్ర్ అంటే దైవనామాన్ని పైకి గాని మనసులో గాని మళ్లీ మళ్లీ స్మరించడం, మురాఖబా అంటే హృదయం మీద దృష్టి నిలిపి మౌనంగా కాపుకాయడం. మధ్య ఆసియాలో పుట్టి దక్కనులోనూ వ్యాపించిన నక్షబందీ శాఖ ఈ సాధనకు కొన్ని నియమాలు ఏర్పరచింది. ప్రతి శ్వాసనూ ఎరుకతో తీసుకోవడం ఒకటి, నడిచేటప్పుడు చూపును అడుగు మీద ఉంచడం రెండవది, జనం మధ్యనే ఉంటూ ఏకాంతంలో ఉండటం మరొకటి. భీష్ముడు చెప్పిన నూనెపాత్ర మనిషికీ, చూపును అడుగు మీద నిలిపిన ఈ సాధకునికీ గల సామ్యం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా వేర్వేరు భాషల్లో, వేర్వేరు విశ్వాసాల్లో ఎదిగిన రెండు సంప్రదాయాలు ఒకే సీమలో నిత్యవ్యవహారాన్నే సాధనాస్థలంగా ఎంచుకోవడం చరిత్రకారుని దృష్టికి అందవలసిన విషయం.

అదే దర్గాకు మనసు చెదిరినవారిని తీసుకువచ్చి కొంతకాలం ఉంచే ఆచారం కూడా ఉంది. మనశ్శాంతికి చేసే సాధన వేరు, మనోవ్యాధికి చేయవలసిన చికిత్స వేరు అన్న విచక్షణ ఇక్కడ అత్యవసరం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న దర్గా సమీపాన నడిచిన ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ప్రార్థన రోగికి, అతని కుటుంబానికి ధైర్యం ఇస్తే అది గౌరవించదగినదే, కాని వైద్యుని వద్దకు వెళ్లే దారికి అది అడ్డు రాకూడదు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో 1979లో జాన్ కబాట్-జిన్ బౌద్ధ ధ్యానపద్ధతిని ఆసుపత్రి ఆవరణలోకి తెచ్చినప్పుడు కూడా అది వైద్యానికి తోడుగా వచ్చిందే తప్ప దానికి బదులుగా కాదు.

ఈ సీమకు చెందిన ఇటీవలి సాధకుల్లో అవధూత కాశినాయన ముఖ్యుడు. అవధూత అంటే ఆశ్రమధర్మాలను, లోకమర్యాదలను దులిపివేసి స్వేచ్ఛగా సంచరించే యోగి. భాగవతం ఏకాదశ స్కంధంలో యదురాజుకు ఒక అవధూత తన 24 మంది గురువులను పేర్కొంటూ, వారిలో ఒక బాణాలు చేసేవాణ్ణి కూడా చేరుస్తాడు. రాజు పరివారం వాద్యాల మోతతో పక్కనుంచి సాగిపోయినా పని మీద దృష్టి పెట్టిన ఆ పనివాడు గమనించడు. చిత్తం నిలపడం అతని వద్దే నేర్చుకున్నానని అవధూత చెబుతాడు. 1895లో సీతారామపురం మండలంలోని బెడుసుపల్లిలో పుట్టి 1995లో దేహం చాలించిన కాశినాయన బోధల కంటే పనులనే ఎక్కువగా మిగిల్చాడు. కొండల్లో పాడుబడిన గుడులను బాగుచేయించడం, వచ్చినవారికల్లా అన్నం పెట్టించడం ఆయన సాధనకు బాహ్యరూపాలు. సీతారామపురం వైపు అడవిలోని ఘటిక సిద్ధేశ్వరం ఆయన పేరుతో ముడిపడిన క్షేత్రాల్లో ఒకటి కాగా, ఆయన దేహం చాలించిన జ్యోతి క్షేత్రం ఉన్న కడప జిల్లా మండలానికి ఆయన పేరే పెట్టారు. ధ్యానం కోసం కళ్లు మూసుకొని కూర్చునే గదికి బదులు పొయ్యి, వంటపాత్ర, పంక్తి వడ్డనలే ఆయన ఆశ్రమాల్లో ప్రధాన స్థానాన్ని పొందాయి. ఆయన పేరిట నెల్లూరు, కడప, ప్రకాశం జిల్లాల్లో వెలసిన అన్నదాన సత్రాలు ఆ పద్ధతినే నేటికీ పాటిస్తున్నాయి.