యురేనియం క్షయ స్థిరాంకం, కడప శిలల వయసు

యురేనియం-238 పరమాణువులు ఏటా ఏ వంతున క్షీణిస్తాయో చెప్పే సంఖ్య యురేనియం క్షయ స్థిరాంకం. నేటి విలువ 1.55125 × 10⁻¹⁰. అంటే వెయ్యి కోట్ల పరమాణువుల్లో ఏడాదికి ఒకటో రెండో తరుగుతాయి. ఈ లెక్కన ఉన్నదాంట్లో సగం కరగడానికి 446.8 కోట్ల ఏళ్లు పడుతుంది.

సీమ ఇళ్లలో పరిచే బండలు పుట్టిన రాతిపొరలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872 నాటి గ్రంథంలో వర్ణించాడు. అడుగున కడప శిలలు, వాటిమీద కర్నూలు శిలలు. ఏ పొర ముందు, ఏ పొర వెనక అన్నది ఆయన తేల్చాడు. ఎన్నేళ్ల నాటివో చెప్పే సాధనం అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు.

రేడియోధార్మిక మూలకం ఒక స్థిరమైన వంతున మరో మూలకంగా మారుతుందని రూథర్‌ఫర్డ్, సాడీ 1902లో ప్రతిపాదించారు. యురేనియం చివరకు సీసమవుతుందని గ్రహించిన బోల్ట్‌వుడ్, 1907లో ఖనిజంలోని సీసాన్ని యురేనియంతో భాగించి, వచ్చినదాన్ని వెయ్యి కోట్లతో హెచ్చవేసి వయసు కట్టాడు. నేటి స్థిరాంకంతో ఆ గుణకం దాదాపు 745 కోట్లే. ఆయన పట్టికలో సిలోన్ తోరియనైట్‌కు 220 కోట్ల ఏళ్లు వచ్చాయి. తోరియం నుంచి కూడా సీసం పుడుతుందన్న సంగతి ఆ లెక్కలో లేదు మరి! అయినా భూమి వయసును కోట్లలోంచి వందల కోట్లలోకి మార్చిన ఘనత ఆ మోటు లెక్కదే.

స్థిరాంకాన్ని సరిగా కొలవాలంటే లెక్కపెట్టడం తప్ప దారి లేదు. ఒక మిల్లీగ్రాము యురేనియం-238 నుంచి సెకనుకు సుమారు 12 ఆల్ఫా కణాలు వెలువడతాయి. ఆ మిల్లీగ్రాములో ఎన్ని పరమాణువులున్నాయో అవగాడ్రో సంఖ్య చెబుతుంది. ఈ రెండింటి నిష్పత్తే స్థిరాంకం. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో జాఫీ బృందం 1971లో ఇలా లెక్కించిన విలువనే భూవిజ్ఞానులు 1976లో సిడ్నీలో అందరికీ ఒకటే ప్రమాణంగా ఖాయం చేసుకున్నారు.

యురేనియం గని తుమ్మలపల్లెలో ఉన్నా, కడపకు గట్టి తేదీ ఇచ్చింది పులివెందుల దగ్గరి నల్లరాయి. కడప శిలల్లోని తాడిపత్రి పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన శిలాద్రవం అది. కాలనిర్ణయానికి యురేనియం దండిగా ఉండనక్కర్లేదు. లోపలికి రాకా బయటికి పోకా లేని స్ఫటికం కావాలి. ఆ నల్లరాయిలోని బాడెలియైట్ అలాంటిదే. ఆ స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కనుక అందులో దొరికే సీసమంతా ఇంచుమించు లోపల పుట్టినదే. ఫ్రెంచ్, హీమన్, చాకో, శ్రీవాస్తవ అనే పరిశోధకులు 2008లో ప్రకటించిన వయసు 188.54 కోట్ల ఏళ్లు, అటూఇటూ 31 లక్షలు. చుట్టూ ఉన్న తాడిపత్రి పొరలు అంతకన్నా పాతవన్నమాట. స్థిరాంకంలోనే ఉన్న 0.1 శాతం అనిశ్చితి కూడా ఇలాంటి వయసును 20 లక్షల ఏళ్ల మేర కదపగలదు.

కర్నూలు శిలల వయసుపై వాదన ఇంకా తెగలేదు. బనగానపల్లె ఇసుకరాతిలోని జిర్కాన్ రేణువులు వేరే చోట పుట్టి కొట్టుకువచ్చినవి. ఆ రాయి వాటికన్నా చిన్నదని తప్ప అవి ఇంకేమీ చెప్పలేవు.