కీటకాల శ్వాసక్రియ: అధ్యయన చరిత్ర

కీటకాలకు ఊపిరితిత్తులు లేవు. దేహానికి రెండు పక్కలా ఉండే శ్వాసరంధ్రాలే వాటికి ముక్కు. బొద్దింకకు ఇవి 10 జతలు: వక్షంలో 2, ఉదరంలో 8. వీటి గుండా చొరబడిన గాలి వాయునాళాల్లో సాగి, అవి చీలి సన్నబడ్డ వాయునాళికల ద్వారా కణాల గడప దాకా చేరుతుంది. ఆక్సిజన్‌ను మోయాల్సిన భారం చాలా కీటకాల్లో రక్తానికి లేదు. మురికినీటిలో పెరిగే కైరోనమస్ లార్వాల వంటివి కొన్ని మాత్రం హీమోగ్లోబిన్‌తో ఎర్రగా ఉంటాయి.

అసలు కీటకాలు ఊపిరి తీసుకోవని క్రీ.పూ. 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ రాశాడు. క్రీ.శ. 1వ శతాబ్దిలో ప్లినీ దీన్ని ఒప్పుకోలేదు గానీ, నిరూపించే సాధనం ఆయన చేతిలో లేదు.

ఆ సాధనం సూక్ష్మదర్శిని. ఇటలీ వైద్యుడు మార్చెల్లో మాల్పీగీ పట్టుపురుగును కోసి చూసి, దాని ఒళ్లంతా అల్లుకున్న వాయునాళాలను వర్ణించాడు. లండన్ రాయల్ సొసైటీ ఆ వర్ణన ఉన్న గ్రంథాన్ని 1669లో అచ్చువేసింది. ఆయన చూసి ఊరుకోలేదు, పరీక్షించాడు కూడా. శ్వాసరంధ్రాలకు నూనె పూస్తే పురుగు త్వరగా చచ్చిపోయింది. ఈ శాస్త్రంలో ఇంత సులువైన, ఇంత తిరుగులేని ప్రయోగం మరొకటి కనబడదు. దోమల నివారణకు నిలవనీటిపై నూనె వేసే పద్ధతి వెనుక ఉన్నదీ ఈ సూత్రమే. క్యూలెక్స్ లార్వా తోక దగ్గరి గొట్టాన్ని నీటిపైకి పెట్టి గాలి తీసుకుంటుంది. నూనెపొర ఆ దారిని మూసేస్తుంది. మన పట్టణాల్లో మునిసిపల్ సిబ్బంది మురుగుగుంటల్లో ఆయిల్ బాల్స్ వేసేది అందుకే.

లోపలికి వెళ్లిన గాలి ఏమవుతుంది? 1777లో ప్రచురించిన గ్రంథంలో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ షీలే దీనికి జవాబిచ్చాడు. ఆక్సిజన్ నింపిన సీసాలో తేనెటీగలను, వాటి తిండికి కాస్త తేనెను పెట్టి, సీసా మూతిని సున్నపుతేటలో ఉంచాడు. ఈగలు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను సున్నపుతేట పీల్చుకుంటూ సీసాలోకి ఎగబాకింది.

1920లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో గొంగళిపురుగు వాయునాళాల పొడవు, వెడల్పు కొలిచి లెక్కగట్టాడు. ఆక్సిజన్ నీటిలో కంటే గాలిలో సుమారు 10 వేల రెట్లు వేగంగా వ్యాపిస్తుంది కాబట్టి, అంత చిన్న దేహానికి విసరణ ఒక్కటే చాలని తేలింది. 1930లో బ్రిటన్‌కు చెందిన విన్సెంట్ విగిల్స్‌వర్త్ మరింత లోతుకు వెళ్లాడు. విశ్రాంతిలో వాయునాళికల కొసల్లో ద్రవం ఉంటుందనీ, కండరం శ్రమించినప్పుడు అది కణజాలంలోకి ఇంకి గాలికి చోటిస్తుందనీ వివరించాడు.

అయితే విసరణే సర్వస్వం కాదు. మిడత పొట్టను ఎగరేస్తూ గాలిని ఆడిస్తుంది. 2003లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో శక్తిమంతమైన ఎక్స్‌కిరణాలతో బతికున్న పెంకుపురుగులను చూస్తే, తలలోని, వక్షంలోని నాళాలు నొక్కుకుపోతూ మళ్లీ విచ్చుకుంటూ కనిపించాయి.

సెక్రోపియా చిమ్మట ప్యూపా గంటల తరబడి రంధ్రాలు బిగించి, కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్కసారిగా వదులుతుందని 1950ల్లో ష్నైడర్‌మన్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు చూపారు. ఇది ఒంట్లో నీటిని కాపాడుకునే ఉపాయమని చాలాకాలం భావించారు. 2005లో హెట్జ్, బ్రాడ్లీ అనే శాస్త్రవేత్తలు వేరే కారణం చెప్పారు: అధిక ఆక్సిజన్ కణాలకు చేటు కాబట్టి దాన్ని అదుపులో ఉంచడానికే ఈ బిగింపు. బయటి ఆక్సిజన్ మోతాదు మార్చి చూసినా, అట్లాస్ చిమ్మట ప్యూపా రంధ్రాలు బిగించిన వేళ వాయునాళాల్లో ఆక్సిజన్ పీడనం 4-5 కిలోపాస్కల్‌ల దగ్గరే నిలిచింది.