గీత ఎంత లోతు?

న్యూ మెక్సికో పీఠభూమి మీది లాస్ అలమోస్ ప్రయోగశాల. 1970ల తొలినాళ్లు. పేలుడు పదార్థానికి ఎదురుగా, కాస్త ఎడం వదిలి, ఒక అల్యూమినియం పలక నిలిపారు. మందం 2.54 మిల్లీమీటర్లు. పేలుడు వైపు ముఖాన వరుసగా అలలు చెక్కారు. అలకీ అలకీ మధ్య 5.08 మిల్లీమీటర్లు. లోతు మిల్లీమీటరులో పదో వంతు లెక్కలోనే. కంటికి సరిగా ఆనదు, వేలికి తగులుతుంది.

అక్కడి పరిశోధకుడు బార్న్స్, ఆయన నలుగురు సహచరులు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఆ అలలు పెరుగుతాయా, అణగుతాయా?

ఈ ప్రశ్న వెనక ఉన్నది చిన్నప్పుడు మనమంతా చేసిన పనే. నిండు గ్లాసుకు కాగితం మూతపెట్టి బోర్లిస్తే నీళ్లు పడవు. కింది గాలి ఆపుతుంది. కాగితం లాగేస్తే గాలి బలం తగ్గదు, అయినా నీళ్లు పడిపోతాయి. నీటి ముఖం మీది చిన్న అల క్షణంలో పెరిగి గాలికి దారి ఇస్తుంది. బరువైనది పైన, తేలికైనది కింద ఉంటే నిలవదని లార్డ్ రేలీ 1883లో లెక్కగట్టాడు. తేలికైనది బరువైనదాన్ని వేగం పెరిగేలా నెట్టినా ఇదే జరుగుతుందని 1950లో జి.ఐ. టేలర్ చూపించాడు.

మరి నెట్టేది వాయువు, కదిలేది లోహం అయితే?

పేలింది. వాయువులు ఖాళీని దాటి పలకను తోశాయి. మధ్యలో ఎడం ఉండటంతో దెబ్బలా కాక తోపులా తగిలాయి. గురుత్వ త్వరణానికి కోట్ల రెట్ల త్వరణం! అంతా కొన్ని మైక్రోసెకన్లే. ఫెర్మెక్స్ అనే భారీ ఎక్స్‌రే యంత్రం ఆ లిప్తపాటును పట్టుకుంది.

అలలు పెరిగాయి. కానీ అదే ద్రవమైతే పెరిగేటంతగా పెరగలేదు. లోహం తన కాగితాన్ని తన ఒంట్లోనే దాచుకుంది. దాని పేరే దృఢత్వం. ఫలితాలు 1974లో అచ్చయ్యాయి.

ఆ కాగితం ఎప్పుడు చిరుగుతుంది? అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో అరిందమ్ బెనర్జీ బృందం లోహానికి బదులు మయొనైజ్ అనే చిక్కటి సాస్‌ను తిరిగే చక్రం మీద పెట్టి ఈ ప్రశ్ననే అడిగింది. చెంచాతో తీస్తే నిలబడుతుంది, గట్టిగా నెడితే జారుతుంది కాబట్టి ఈ పరీక్షకు అది తగిన పదార్థం. 2019లో అచ్చయిన వారి జవాబు ఇది: కొంతవరకూ అయితే తోపు ఆగగానే అల వెనక్కి వస్తుంది, ఆ పైన రూపం శాశ్వతంగా మారుతుంది, హద్దు దాటితే ఇక ఆగదు. మొదటి అల ఎంత చిన్నదైతే ఆ హద్దు అంత దూరం.

లేజర్లతో ఇంధన గుళికను నొక్కి సూర్యుడి శక్తిని భూమ్మీద పుట్టించాలని చూసేవారికి ఈ హద్దే ప్రాణం. గుళికను నునుపు చేసే చెయ్యి ఎంత ఓపిగ్గా పనిచేస్తే, లోపలి కాగితం అంతసేపు నిలుస్తుంది.