నడిబొడ్డున నల్లరాయి

సియోల్‌లో 2016 మార్చిలో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రాం గో ఆటలో మేటి అయిన లీ సెడోల్‌ను 4-1తో ఓడించి పదేళ్లయింది. ఆ వంకతో అందరూ యంత్రాల గురించి రాస్తున్నారు. నాకు మాత్రం ఆటలో మొదటి ఎత్తు మీదే ధ్యాస. ఖాళీ పలక మీద తొలి రాయి ఎక్కడ పెట్టాలి?

చైనాలో కన్ఫ్యూషియస్ నాటికే గో ఆట ఉంది. తూర్పు హాన్ కాలపు సమాధిలో దొరికిన రాతిపలక మీద అడ్డంగా 17, నిలువుగా 17 గీతలున్నాయి. తర్వాత అవి 19 అయ్యాయి, కూడళ్లు 361. ఆట జపాన్ చేరింది. మధ్యలోని శతాబ్దాలను ఒక్క గెంతులో దాటి, ఆ దేశాన్ని ఏలిన సేనాని షోగన్ కోటలోకి వెళ్దాం.

అప్పటికి పెద్దలు ఒక వరస తేల్చేశారు: ముందు మూలలు, తర్వాత అంచులు, చివరికి నడుమ. మూలలో రెండు వైపులా పలక అంచులే గోడలు, కాబట్టి కొద్ది రాళ్లతోనే జాగా దక్కుతుంది. నడుమ నాలుగు గోడలూ మనమే కట్టుకోవాలి.

1670లో ఆ కోటలోనే, గో ఆడే యసుయి వంశపు షిబుకవా హరుమి ఆ వరసను పట్టించుకోలేదు. నల్లరాయి తీసి సరిగ్గా నడిబొడ్డున పెట్టాడు. ఎదుట కూర్చున్నది హోనిన్బో దోసకు, గో చరిత్రలోనే మేటి. హరుమికి రాళ్లకన్నా నక్షత్రాల మీద మక్కువ. పలక ఆకాశమైతే నడిమి కూడలి ధ్రువతార అని అతని నమ్మకం. ఓడితే మళ్లీ అక్కడ పెట్టనన్నాడని చెప్పుకుంటారు. 9 పాయింట్లతో ఓడాడు.

ఆకాశం అతన్ని వదల్లేదు. జపాన్ 862 నుంచి వాడుతున్న చైనా పంచాంగం అప్పటికి రెండు రోజులు తప్పుతోంది. హరుమి మొదట చైనాదే మరో గణితం అరువు తెచ్చి 1675 సూర్యగ్రహణం దగ్గర బోర్లా పడ్డాడు. రెండు దేశాల రేఖాంశాల తేడాను లెక్కలో కలిపి మళ్లీ కట్టాడు. 1684లో అతని పంచాంగాన్ని ఆమోదించారు. షోగన్ కొలువులో తొలి జ్యోతిశ్శాస్త్రవేత్త అయ్యాడు. ఇలాంటివాడు ఆటలో ఓడితే మాత్రమేం!

నన్నడిగితే తప్పు అతని ఎత్తుది కాదు, పలకది. 3 గీతల పలక మీద నడుమ పెడితే తొమ్మిది కూడళ్లూ నలుపువే. 4 గీతలకు నడుమే లేదు. 5 గీతల పలకను 2002లో ఎరిక్ వాన్ డెర్ వెర్ఫ్ కంప్యూటర్‌తో తుదకంటా ఛేదించాడు: నడుమ పెట్టిన నలుపుకు మొత్తం 25 దక్కుతాయి. కొత్తవాళ్లు నేర్చుకునే 9 గీతల పలక మీద నడుమ నుంచి అంచుకు నాలుగే అడుగులు. అక్కడి రాయి నాలుగు మూలలకూ కాపలా. తెల్లరాళ్లకు ఏ మూలా నిశ్చింత లేదు.

ఈ పలక దగ్గర మాత్రం తుదకంటా లెక్క లేదు, అంచనాలే. 1993లో బెర్న్డ్ బ్రూగ్‌మన్ ఈ చిన్న పలక మీదే ఒక వింత ప్రయోగం చేశాడు: ప్రతి ఎత్తు నుంచీ యంత్రం తోచినట్టు చివరిదాకా ఆడేస్తుంది, వేల ఆటల సగటే ఆ ఎత్తుకు విలువ. 2008లో పారిస్‌లో మోగో అనే ప్రోగ్రాం 9 గీతల పలక మీద వృత్తి ఆటగాడిని ఒక ఆటలో ఓడించింది. ఆ పలక మీద నలుపు ముందు ఆడుతుంది కాబట్టి తెలుపుకిచ్చే పరిహారం 7 పాయింట్లయితే సరిసమానమని నేటి యంత్రాల అంచనా. రుజువు మాత్రం ఇంకా లేదు.

గీతలు 19 అయితే యంత్రాలూ పాత పెద్దల పక్షమే, నడుమకన్నా మూలకే ఓటు. కాకపోతే నడుమ పెడితే పోయేది కొద్దిపాటేనంటాయి. హరుమి రోజుల్లో తెలుపుకు పరిహారం లేదు. అంటే ఆ రాయి పెట్టాక కూడా నలుపుదే పైచేయి. ఆ తర్వాత అన్ని పాయింట్లు చేజారింది ధ్రువతార వల్ల కాదు, దోసకు వల్ల.