తేనెసీసా వెనక చరిత్ర

బందరు పేరు చెప్పగానే ఎవరికైనా లడ్డూ గుర్తొస్తుంది. ఆ తరవాత కలంకారీ, ఉప్పెన. తేనెటీగ మాత్రం ఎవరికీ గుర్తురాదు. కాని కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ నేల చరిత్ర తిరగేస్తుంటే, ఆ బుల్లి ప్రాణి నాకు మాటిమాటికీ ఎదురైంది. ఆ సంగతులే ఈ నాలుగు మాటలూ.

ముందు గుడివాడ. ఇవాళ మనకి గుడివాడంటే రైలు జంక్షనూ, వడ్లబస్తాలూను. ఒకప్పుడది బౌద్ధుల చోటు. అక్కడా, దివిసీమ వైపు ఘంటసాలలోనూ స్తూపాల అవశేషాలు బయటపడ్డాయి. బౌద్ధభిక్షువులు మధ్యాహ్నం దాటాక భోజనం చెయ్యకూడదు. మరి జబ్బుచేస్తే? నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం, ఈ అయిదింటినీ మందుగా పుచ్చుకోవచ్చునంది వినయపిటకం. అయితే ఏడురోజులకి మించి దాచుకోకూడదు. జబ్బు వంక పెట్టి కొట్టు తెరుస్తారని భయం కాబోలు! మన అలమరలో ఓ మూల కూచున్న తేనెసీసాకి అంత పాత వంశం ఉందన్నమాట.

ఆయుర్వేదం సంగతి చెప్పనే అక్కర్లేదు. సుశ్రుతుడు తేనెల్ని ఎనిమిది రకాలుగా విడదీశాడు. మా అమ్మమ్మ సుశ్రుతుణ్ణి చదవలేదు గాని, వైద్యమంతా నోటికి వచ్చు. దగ్గుకి తులసిరసంలో తేనె, అజీర్తికి శొంఠిపొడిలో తేనె. "తేనెని పొయ్యిమీద పెట్టకండర్రా, నెయ్యీ తేనే సమపాళ్ళు కలపకండి" అని రోజూ ఒకసారైనా హెచ్చరించేది. దగ్గుకి ముందు తేనె వాడి చూడమని 2018లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా చెప్పాయి. అమ్మమ్మ వింటే, "ఇప్పుడా తెలిసింది వాళ్ళకి?" అనేది.

కాని ఒక్క ఆచారం దగ్గర మాత్రం పెద్దవాళ్ళ మాట దాటక తప్పదు. పుట్టిన బిడ్డ నాలిక మీద తేనె రాయడం. తేనెలో ఒక్కోసారి ఒక సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. పెద్దవాళ్ళ కడుపులో అవి మొలవలేవు. పసివాళ్ళ పేగుల్లో మొలిచి విషం పుట్టిస్తాయి. బిడ్డ పాలు తాగలేక, మెడ నిలపలేక వాలిపోతుంది, ఊపిరికే ముప్పు వస్తుంది. ఈ జబ్బుని 1976లో అమెరికాలో గుర్తించారు. తేనె ఎంత మంచిదైనా, ఏ ఊరిదైనా సరే, ఏడాది నిండేదాకా బిడ్డకి వద్దు. అత్తగారికి నెమ్మదిగా నచ్చజెప్పుకోండి.

ఇక బందరు. తేనెటీగ ఇచ్చే రెండో వరం మైనం. బందరుకి పేరు తెచ్చిన వస్త్రాల వెనక అదుంది. డచ్చివాళ్ళు 1600 దాటిన కొన్నేళ్ళకే వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. ఇద్దరికీ కావలసింది మన అద్దకం బట్టలే. ఆ రంగుల్లో నీలం మహా మొండిది. ఎరుపూ నలుపూ కలంతో దిద్దవచ్చు. నీలానికి మాత్రం బట్టని నీలిమందు తొట్టిలో ముంచవలసిందే. ముంచితే అంతా నీలమైపోదూ? అందుకని నీలం అంటకూడని చోటల్లా కరిగిన మైనం కలంతో పూసి, అప్పుడు ముంచేవారు. తరవాత మరిగే నీళ్ళలో వేస్తే మైనం వదిలి, కింద తెలుపు తెలుపుగానే ఉండేది. ఆ బట్టల మీద సీమ ఆడవాళ్ళకి ఎంత మోజు పుట్టిందంటే, అక్కడి నేతగాళ్ళు గోలపెట్టారు. ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700లోనూ చట్టం చేసి మరీ అడ్డుపెట్టాయి. ఇవాళ పెడనలో కొయ్య అచ్చులతో అద్దుతున్నారు. మైనం మాట చరిత్రలోకి వెళ్ళిపోయింది.

దివిసీమకి వస్తే మనసు బరువెక్కుతుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. మడ అడవి అడ్డుగా ఉన్న చోట కెరటం తాకిడి తగ్గిందని తరవాత చూసినవాళ్ళు చెప్పారు. ఆ మడచెట్లు పూసినప్పుడు తేనెటీగలకి పండగ. అంటే ఈగకి అన్నం పెట్టే చెట్టే మనిషికి గోడ కూడా. 1989లో ఆ అడవుల్ని అభయారణ్యంగా ప్రకటించారు.

ఈగకి మనం చేసిందేమిటి? పొగబెట్టి, పట్టు పిండి, పిల్లపురుగుల్ని కూడా తేనెలో కలిపేశాం. 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో న్యూటన్ అనే క్రైస్తవ ఫాదరు మన చిన్న ఈగకి సరిపడే పెట్టె తయారుచేశాడు. చట్రాలు తీసి, యంత్రంలో తిప్పి తేనె రాబట్టి, పట్టుని చెక్కుచెదరకుండా ఈగలకే తిరిగి ఇచ్చే ఏర్పాటు అది. 1991-92లో ఒక వైరస్ వచ్చి దక్షిణాదిలో ఆ పెట్టెల్ని చాలామటుకు ఖాళీ చేసింది. పైగా పొలాల్లో పురుగుమందులు.

మా డెల్టాకి వరే దేవుడు, వరికి గాలి చాలు, ఈగతో పనేమిటంటారా? వరికి అక్కర్లేదు గాని, మన పెరటికి కావాలి. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆ కాసేపట్లో ఈగ వచ్చి మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకి అందించకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. దోసకీ, కాకరకీ అదే తంతు.

మనం చెయ్యవలసింది పెద్ద కష్టమేం కాదు. తులసికంకులన్నీ తుంచెయ్యకుండా కొన్ని పూయనివ్వండి. వెడల్పాటి మట్టిమూకుట్లో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోసి ఉంచండి, ఈగ మునగకుండా తాగుతుంది. మందు కొట్టక తప్పకపోతే పొద్దువాలి ఈగలు గూటికి చేరాక కొట్టమని ఇంట్లో మగవాళ్ళకి చెప్పండి. చూరుకింద పట్టు కనిపిస్తే కాగడా కోసం పరుగెత్తకండి. భిక్షువుకి మందూ, బందరుకి సిరీ ఇచ్చిన జీవికి మన చూరుకింద జానెడు చోటు బరువా?